నీడ అక్షరాల ఫాంట్: పాత బోర్డుల తరహా తెలుగు అక్షరాలు చేత్తో గీసి కంప్యూటర్‌లోకి తేవడం

ఫ్లెక్సీలు రాకముందు తిరుపతి, చిత్తూరు బజార్లలో బోర్డంటే పెయింటర్ చేత్తో రాసిందే. లావుపాటి గుండ్రటి అక్షరం, దాని పక్కనే ఇంకో రంగులో నీడ. హోటల్ బోర్డయినా, బెల్లం మండీ పేరైనా, లారీ వెనక రాతైనా ఆ నీడ వల్లే అక్షరం రేకు మీద నుంచి లేచి నిలబడినట్టు కనపడేది. ఇప్పుడు అదే అందం కావాలని చాలామంది ఏదో ఒక తెలుగు ఫాంట్ తీసుకుని, సాఫ్ట్‌వేర్‌లో షాడో బటన్ నొక్కేస్తారు. ఫలితం బాగుండదు. తలకట్టు దగ్గర నీడ మాయమవుతుంది, ఒత్తు దగ్గర అంతా ముద్దయిపోతుంది. ఆ బటన్‌కు మన అక్షరం ఎలా కడతారో తెలియదు కదా.

తెలుగు అక్షరానికి నీడ వేయాలంటే దాని తలకట్టును, ఒత్తును చూసి నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయాలు చేత్తోనే జరగాలి. ఈ మార్గదర్శి అంతా దాని గురించే. కాగితం, పెన్సిల్‌తో మొదలుపెట్టి, పనిచేసే ఫాంట్ ఫైల్ దాకా తీసుకెళ్తాను. సాఫ్ట్‌వేర్ ఖర్చు లేదు: బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫాంట్ తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ రెండూ ఉచితమే. మ్యాక్ ఉన్నవాళ్లు గ్లిఫ్స్ అనే ఫాంట్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు, పద్ధతి మారదు.

గీసే ముందు చూడండి

నీడ అక్షరం మన దగ్గర పుట్టింది కాదు. లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ 1815లో నీడ వేసిన అచ్చు అక్షరాలను తన నమూనా పుస్తకంలో చూపించాడు. అమెరికాలో విలియం పేజ్ 1874లో రంగురంగుల చెక్క అక్షరాల నమూనా పుస్తకం అచ్చు వేశాడు. అందులో అక్షరం ఒక చెక్క, నీడ ఇంకో చెక్క. ముందు ఒకటి ఒక రంగులో కొట్టి, దాని మీద రెండోది ఇంకో రంగులో కొట్టేవాళ్లు. ఈ రెండు చెక్కల పద్ధతిని గుర్తు పెట్టుకోండి, చివర్లో మన ఫాంట్ కూడా అలాగే రెండు ముక్కలుగా ఉంటుంది.

కానీ గీత ఎలా ఉండాలో నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డలో రంగు నిలుస్తుంది. వేళ్లతో నొక్కే కొద్దీ అది కలం మొనలోకి దిగుతుంది. నొక్కు పెరిగిన చోట గీత కొంచెం లావు, తగ్గిన చోట సన్నం. అయినా గీత ఎక్కడా వణకదు. చేతి గీత అంటే ఇదే. చాలా ‘హ్యాండ్‌మేడ్’ ఫాంట్లలో అంచులు గరుకుగా, చిందరవందరగా చేసి దాన్నే చేతిపని అంటారు. నాకు అది నచ్చదు. పాత పెయింటర్ల అంచులు నున్నగా ఉంటాయి. ఏ కొస ఎక్కడ ఆగింది, ఎక్కడ లావెక్కింది అన్నదాంట్లోనే వాళ్ల చెయ్యి కనపడుతుంది.

మీ ఊళ్లో మిగిలిన పాత బోర్డులను, గోడరాతలను, లారీలను ఫోటోలు తీసుకోండి. ఎదురుగా నిలబడి తీయండి, పక్క నుంచి తీస్తే అక్షరం వాలుతుంది. ఆ అక్షరాలను ఉన్నదున్నట్టు దించుకోవద్దు. రాసిన పెయింటర్ ఇంకా ఆ ఊళ్లోనే ఉంటే వెళ్లి కలవండి. ఆయన అక్షరాల ఆధారంగా చేస్తున్నట్టయితే అనుమతి అడగండి, ఫాంట్‌లో ఆయన పేరు రాయండి.

ఎలాంటి నీడ?

బోర్డుల మీద ముఖ్యంగా నాలుగు రకాలు కనపడతాయి. అక్షరాన్నే కొంచెం జరిపి వెనకాల ఇంకో రంగులో వేసినట్టుండేది ఒకటి. అక్షరం మందమైన చెక్కలా కనపడేటట్టు మూలలన్నీ కలిపేసే దిమ్మె నీడ రెండోది. అక్షరానికి, నీడకు మధ్య సన్నటి ఖాళీ వదిలేది మూడోది. నీడ ఉండాల్సిన చోట అడ్డగీతలు మాత్రమే గీసేది నాలుగోది.

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది మూడోదే. ఖాళీ ఉండటం వల్ల ఒకే రంగులో వేసినా అక్షరం చెదరదు, చిన్నచిన్న తేడాలు తప్పుల్లా కాకుండా చేతివాటంలా కనపడతాయి. అడ్డగీతల నీడ చూడ్డానికి సరదాగా ఉంటుంది కానీ ప్రతి గీతా ఒక ఆకారమే కాబట్టి ఫైల్ బరువెక్కుతుంది. దాన్ని తర్వాత ఇంకో పొరగా చేసుకోవచ్చు.

నీడ ఏ వైపు పడాలి?

ఈ ఒక్క ప్రశ్న మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టినా తప్పులేదు. తర్వాతి పనంతా దీని మీదే ఆధారపడుతుంది.

తలకట్టును దగ్గరగా చూడండి. అందులో రెండు గీతలున్నాయి. ఎడమ నుంచి కిందికి దిగే పొట్టి గీత, అక్కడ నుంచి కుడివైపు పైకి లేచే పొడుగు గీత. ఆ పొడుగు గీత సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. ఇప్పుడు నీడను ఎడమవైపు కిందికి వేశారనుకోండి. నీడ వెళ్లే దారి, పొడుగు గీత వాలు ఒకటే అయిపోతాయి. గీతకు సమాంతరంగా వెళ్లే నీడ పక్కకు కనపడదు, కొస దగ్గర కొంచెం పొడుగైనట్టు ఉంటుంది, అంతే. దాంతో మాట పైవరస మొత్తం చదునుగా, కింద మాత్రం ఎత్తుగా కనపడుతుంది. క, త, ర, న లాంటి తలకట్టు అక్షరాలు ఎక్కువున్న మాటలో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కుడివైపు కిందికి వేస్తే తలకట్టు పొడుగు గీతకు నిండా నీడ వస్తుంది. బాగుంది. కానీ మన ఒత్తులు చాలావరకు కిందే, అదీ కుడివైపే ఉంటాయి. చిత్తూరు అని రాయండి. ‘త్తూ’లో త నీడ నేరుగా కింది త ఒత్తు మీద పడుతుంది.

దీనికి నేను వాడే పరిష్కారం నీడను 45 డిగ్రీలు కాకుండా 30 డిగ్రీలు మాత్రమే కిందికి వంచడం. లెక్క చూడండి. ఒక గీతకు కనపడే నీడ వెడల్పు అంటే నీడ పొడవును, గీతకూ నీడ దారికీ మధ్య ఉన్న కోణం సైన్ విలువతో గుణిస్తే వచ్చేది. నీడ పొడవు 60 యూనిట్లు అనుకుందాం (యూనిట్ అంటే ఫాంట్ లోపలి కొలత, కింద వివరంగా చెప్తాను). 45 డిగ్రీలకు వేస్తే అది కిందికి 42 యూనిట్లు దిగుతుంది, 30 డిగ్రీలకు వేస్తే 30 యూనిట్లే దిగుతుంది. ఒత్తుకు 12 యూనిట్ల ఊపిరి దొరికింది. మరి తలకట్టు నష్టపోయిందా? పొడుగు గీతకూ కొత్త నీడ దారికీ మధ్య కోణం 75 డిగ్రీలు, కాబట్టి 60లో 58 యూనిట్ల నీడ అలాగే ఉంటుంది. ఏమీ పోలేదు. పక్కకు మాత్రం 52 యూనిట్లు జరుగుతుంది. అందువల్ల కుడిపక్కన కూర్చునే య ఒత్తు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి.

ఇంకో సంగతి. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి నీడ సమానమైన పట్టీలా వస్తుంది. మనవి గుండ్రాలు. గుండ్రానికి నీడ వేస్తే అది నెలవంకలా వస్తుంది: కుడివైపు కింద లావు, రెండు కొసల్లో సున్నా. ఆ కొసలను ఏం చేస్తారన్నదే మీ ఫాంట్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. సూదిలా వదిలేస్తే కంప్యూటర్ పనిలా ఉంటుంది. కొంచెం ముందే ఆపి, అడ్డంగా తెంపేస్తే ఫ్లాట్ బ్రష్‌తో ఒక్క దెబ్బలో వేసినట్టుంటుంది. పాత బోర్డు కళ ఆ తెగిన కొసల్లోనే ఉంది.

కాగితం మీద అక్షరాలు

ఫాంట్ ప్రపంచంలో ఎం అనే ఊహాచతురస్రాన్ని 1000 యూనిట్లుగా విడగొడతారు. మనం కాగితం మీద 100 మిల్లీమీటర్లను ఆ 1000 యూనిట్లు అనుకుందాం. అప్పుడు ఒక మిల్లీమీటరు పది యూనిట్లు. స్కేలుతో కొలిచింది కంప్యూటర్‌లో నోటిలెక్కతో సరిపోతుంది.

నా కొలతలు ఇవి: తలకట్టు కాకుండా అక్షరం ఎత్తు 50 మిల్లీమీటర్లు, గీత లావు 12, నీడ పొడవు 6, అక్షరానికీ నీడకూ మధ్య ఖాళీ 2. ఒత్తు గీత లావు మాత్రం 9కి తగ్గించండి. అక్షరంతో సమానమైన లావు పెడితే ఒత్తు లోపలి ఖాళీలు పూడిపోతాయి.

ఏ4 కాగితం మీద తలకట్టు గీత, అక్షరం అడుగు గీత, ఒత్తు అడుగు గీత అని అడ్డగీతలు కొట్టుకోండి. 2బి పెన్సిల్‌తో ముందు అక్షరం నడిగీత ఒక్కటి గీయండి. అది కుదిరాక దానికి రెండువైపులా ఆరేసి మిల్లీమీటర్లు లావు ఇవ్వండి. మొదటే అంచులు గీయడం మొదలుపెడితే గుండ్రాలు ఒక్కోటి ఒక్కో రకంగా వస్తాయి.

అ, ఆ నుంచి వరసగా గీయకండి. అక్షరాలకు చుట్టరికాలున్నాయి. ర గుండ్రం కుదిరితే ఠ, ద, ధ, థలకు దారి దొరుకుతుంది. ప నుంచి ఫ, ష. వ నుంచి మ. గ వంపు నుంచి శ. ర, ప, వ, గ, క, న, ల, ఈ ఏడింటినీ ముందు గీసి, గోడకు అంటించి రెండు రోజులు చూడండి. వీటి మధ్య లావు, గుండ్రం, తలకట్టు వాలు ఒకేలా ఉంటేనే తర్వాతి అక్షరానికి వెళ్లండి. ఇక్కడ తొందరపడితే నలభై అక్షరాల తర్వాత మళ్లీ మొదటికే రావాలి.

సరదాతనం కోసం అక్షరాలను అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు వంచొచ్చు. కొన్నింటిని కొంచెం పైకి, కొన్నింటిని కిందికి జరపొచ్చు. ఒక్క నియమం ఉంది: వంచడం నీడ వేయకముందే జరగాలి. నీడతో సహా వంచితే ఒక్కో అక్షరానికి వెలుగు ఒక్కో దిక్కు నుంచి వచ్చినట్టవుతుంది. ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్ల కంటికి ఏదో తేడా తెలుస్తుంది. అక్షరం ఎంత గెంతినా ఎండ ఒక్కవైపు నుంచే రావాలి.

కొన్ని జతలను మొదట్నుంచీ పక్కపక్కన పెట్టి గీయండి. ప, వ జత అన్నింటికన్నా ముఖ్యం. పలో తలకట్టు పొట్టను తాకకుండా పైన విడిగా నిలబడుతుంది. వలో అతుక్కుంటుంది. లావు అక్షరంలో పకు ఉన్న ఆ ఖాళీ ముందే ఇరుకు. దాంట్లోకి తలకట్టు నీడ కూడా దిగితే ప కాస్తా వ అవుతుంది. జ్యూస్ అంగడి బోర్డు మీద ‘పనస’ అని రాసింది ‘వనస’ అని చదువుకుంటారు. పలో తలకట్టును ఇరవై యూనిట్లు పైకి లేపండి, ఆ ఖాళీలో పడే నీడను పూర్తిగా తీసేయండి. వెలుగు లెక్క ప్రకారం అది తప్పే, చదివేవాళ్ల లెక్క ప్రకారం అదే ఒప్పు.

రెండో జత మ, వు. వకు మామూలు కొమ్ము తగిలిస్తే మ అయిపోతుంది. అందుకే వులో కొమ్ము కింది నుంచి మొదలవుతుంది. ఆ తేడాను లావు అక్షరంలో ఇంకాస్త పెద్దది చేసి చూపించాలి. ఇక ధ, ఢ, ఫ, భల కింద ఉండే చిన్న నిలువు గీత. పొట్ట నీడ సరిగ్గా దాని మీదికి దిగుతుంది. ఆ గీత చుట్టూ రెండు మిల్లీమీటర్ల మేర నీడను తుడిచేయండి. లేకపోతే ధనం కాస్తా దనం అవుతుంది.

నీడను చేత్తో వేయడం

అక్షరాలన్నీ ఇంకుతో నింపి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో శుభ్రం చేశాక నీడ పని మొదలవుతుంది. ముందు అక్షరం ఖరారైతేనే నీడ. రెండూ ఒకేసారి గీస్తే అక్షరం కొంచెం మారిన ప్రతిసారీ నీడ వృథా.

స్కాన్ 600 డీపీఐలో, నలుపు తెలుపులో చేయండి. 100 మిల్లీమీటర్లకు దాదాపు 2362 పిక్సెళ్లు వస్తాయి. అంటే ప్రతి యూనిట్‌కు రెండు పిక్సెళ్లకు పైనే, అది చాలు. ఫోన్ ఫోటోతో సరిపెట్టకండి. లెన్స్ వల్ల కాగితం అంచుల దగ్గర అక్షరం వంగుతుంది. ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ (స్కాన్ బొమ్మను గీతలుగా మార్చే ఆదేశం) చేస్తే గీత చుట్టూ కుప్పలుగా నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే చుక్కలు, వస్తాయి. సింప్లిఫై ఒక్కసారి కొట్టి, మిగతావి చేత్తో తీసేయండి. గుండ్రానికి పైన, కింద, కుడి, ఎడమ, అంటే మొత్తం నాలుగు నోడ్లు ఉంటే చాలు.

ఇప్పుడు అక్షరాన్ని మళ్లీ కాగితం మీదికి తేవాలి. అదే 100 మిల్లీమీటర్ల కొలతలో, లేత బూడిద రంగులో ప్రింట్ తీయండి. పేజీ నాలుగు మూలల్లో ప్లస్ గుర్తులు పెట్టండి. వీటిని మర్చిపోతే తర్వాత నీడను అక్షరం కిందికి సరిగ్గా చేర్చడం నరకం. ప్రింట్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, ప్లస్ గుర్తులను దాని మీద కూడా దించుకోండి.

ట్రేసింగ్ పేపర్ మీద ముందు అక్షరం అంచును పెన్సిల్‌తో పలచగా దించండి. తర్వాత కాగితాన్ని జరపాలి. అక్షరం కుడివైపుకు 5.2, కిందికి 3 మిల్లీమీటర్లు జరిగినట్టు కనపడాలంటే ట్రేసింగ్ పేపర్‌ను అంతే దూరం ఎడమవైపుకు, పైకి జరపాలి. ఇలా జరిపి అంచును ఇంకోసారి దించితే రెండు అంచుల మధ్య నీడ చోటు తెలుస్తుంది. ఇదే పనిని ఇంక్‌స్కేప్‌లో అక్షరాన్ని డూప్లికేట్ చేసి జరిపి కూడా చూసుకోవచ్చు. ఫాంట్‌ఫోర్జ్‌లో షాడో అనే ఎఫెక్ట్ కూడా ఉంది. వాటిని కొలతకు మాత్రమే వాడుకోండి. అసలు నీడ బ్రష్ పెన్‌తోనే పడాలి.

బ్రష్ పెన్‌ను గుండ్రం పైనుంచి కిందికి ఒక్క లాగుడులో లాగండి. అక్షరం అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరం పాటించండి. ఈ ఖాళీ ప్రతిచోటా ఒకేలా ఉండక్కర్లేదు. వంపు దగ్గర కొంచెం ఎక్కువ, నేరు గీత దగ్గర కొంచెం తక్కువ వస్తుంది, రానివ్వండి. కానీ ఒకే అక్షరంలో ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ వేయండి. కొస దగ్గర బ్రష్ ఎత్తేటప్పుడు తోక వస్తుంది. ఆ తోకను తెల్ల ఇంకుతో అడ్డంగా తెంపేయండి. అన్ని కొసలూ ఒకే వాలులో తెగితే బోర్డు మొత్తం ఒకే చేతిదిలా ఉంటుంది.

అక్షరం లోపలి ఖాళీల సంగతి. పొట్ట లోపల కూడా ఎడమ గోడకు, పై గోడకు నీడ పడుతుంది. దిమ్మె నీడలో అది వేయాలి. మన ఖాళీ నీడలో మాత్రం ఒక కొలత పెట్టుకోండి: పొట్ట లోపలి వెడల్పు నీడ వెడల్పుకు మూడు రెట్లకన్నా తక్కువుంటే లోపల ఏమీ వేయొద్దు. ర, దల పెద్ద పొట్టల్లో వేయొచ్చు. ఠ, థల్లో చుక్క ఉంది కాబట్టి వద్దు. గుడిదీర్ఘం చుట్టలో వద్దు. సున్నలో మాత్రం తప్పకుండా వేయండి. తెలుగులో సున్న అడుగడుగునా వస్తుంది, నీడ లేకపోతే ఆ ఒక్క అక్షరమే చదునుగా కనపడుతుంది.

ఒత్తులకు నీడ విడిగా గీయండి, దాని పొడవు 6 బదులు 4 మిల్లీమీటర్లు చాలు. ర ఒత్తు అక్షరం కిందికి ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది. దాని లోపలి వంపులో నీడ వేస్తే అక్షరం అడుగుకు తగులుతుంది. అందుకని బయటి అంచుకే వేయండి. ఐత్వానికి రెండు ముక్కలుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. కింది ముక్కకు నీడ వేయడం చాలామంది మర్చిపోతారు.

రెండు ఫాంట్లు, ఒకే కొలత

నీడలను కూడా స్కాన్ చేసి, ప్లస్ గుర్తులు కలిపి, అక్షరం కింద సరిగ్గా కూర్చోబెట్టండి. ఇప్పుడు ఫాంట్‌ఫోర్జ్‌లో రెండు ఫైళ్లు: ఒకటి ముఖం, అంటే అసలు అక్షరం, ఒకటి నీడ. రెండింటిలోనూ ప్రతి అక్షరం వెడల్పు, కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల మధ్య దూరం సర్దుబాటు) ఒక్క యూనిట్ కూడా తేడా లేకుండా ఉండాలి. వాడేవాళ్లు ఒకే మాటను రెండుసార్లు పెట్టి, కింద నీడ ఫాంట్, పైన ముఖం ఫాంట్ ఇచ్చి, చెరో రంగు వేసుకుంటారు. 1874 నాటి రెండు చెక్కల పద్ధతే ఇది.

దీనివల్ల ఇంకో లాభం. ముఖాలన్నీ పై పొరలో ఉంటాయి కాబట్టి ఒక అక్షరం నీడ పక్క అక్షరం కిందికి దూరిపోతుంది, ఒత్తు ముఖం పై అక్షరం నీడ మీద కనపడుతుంది. అక్షరాలను దగ్గరగా పెట్టినా చెడిపోదు.

ఒకే రంగులో వాడేవాళ్ల కోసం రెండూ కలిసిన మూడో ఫాంట్ కూడా చేయండి. అందులో మాత్రం ప్రతి అక్షరానికి కుడిపక్కన 52 యూనిట్ల చోటు అదనంగా ఇవ్వాలి. ఒత్తులను ఇంకో 15, 20 యూనిట్లు కిందికి దించాలి. కలర్ ఫాంట్ అనే నాలుగో దారి ఉంది. ఒకే ఫైల్‌లో రెండు రంగులూ వస్తాయి. ఇప్పటి బ్రౌజర్లు చూపిస్తాయి కానీ ప్రింటింగ్ వైపు ప్రతి సాఫ్ట్‌వేరూ ఒప్పుకోదు. మొదట దాని జోలికి పోవద్దు.

ఎత్తులు పెట్టేటప్పుడు కింది భాగానికి కనీసం 300 యూనిట్లు వదలండి. అక్షరం పైకి, కిందికి ఎంతవరకు కనపడాలో విండోస్‌కు చెప్పే విన్ అసెంట్, విన్ డిసెంట్ విలువల్లో ఒత్తు నీడ అడుగు దాకా, గుడిదీర్ఘం పైఅంచు దాకా కలుపుకోండి. లేకపోతే స్క్రీన్ మీద ఒత్తుల కాళ్లు తెగిపోతాయి.

గుణింతాలు, ఒత్తులు పనిచేయాలంటే

అందంగా గీసిన చాలా తెలుగు ఫాంట్లు ఇక్కడే ఆగిపోతాయి. యూనికోడ్‌లో, అంటే ఇప్పటి కంప్యూటర్లన్నీ వాడే అక్షర సంకేతాల పద్ధతిలో, ‘క్క’ అని టైప్ చేస్తే కంప్యూటర్‌కు అందేది క, పొల్లు, క. దాన్ని ఒత్తుగా మార్చే నియమం ఫాంట్‌లోనే రాయాలి. ఇది ఏ లిపి ఫాంటో చెప్పే లిపి ట్యాగ్ దగ్గర కొత్తదైన టెల్2 (tel2) ఇవ్వండి. ‘పొల్లు, హల్లు కలిస్తే ఒత్తు’ అనే నియమాన్ని బీఎల్‌డబ్ల్యూఎఫ్ (blwf) అనే ఫీచర్‌లో రాయాలి. ఫీచర్ అంటే ఫాంట్‌లో ఇలాంటి నియమాలు పెట్టే అర. క్ష మామూలు ఒత్తు కాదు కాబట్టి ఏకేహెచ్ఎన్ (akhn) ఫీచర్‌లో విడిగా. కి, తి లాంటి గుణింతాలను ఏబీవీఎస్ (abvs)లో. క్, న్ లాంటి పొల్లక్షరాలను హెచ్ఏఎల్ఎన్ (haln)లో.

ప్రతి గుణింతాన్నీ విడిగా గీస్తే సుమారు 35 హల్లులకు పన్నెండేసి చొప్పున నాలుగు వందలు దాటుతాయి. అంత అక్కర్లేదు. తలకట్టు లేని హల్లును ఒక ముక్కగా, తలకట్టును ఇంకో ముక్కగా, గుడి, ఎత్వం, కొమ్ము ముక్కలుగా పెట్టుకుని, రెఫరెన్సులతో, అంటే అసలు ముక్కకు ముడిపడి ఉండే నకళ్లతో, అతికించండి. ముఖం ఫాంట్‌లో ఇది హాయిగా జరుగుతుంది. నీడ ఫాంట్‌లో మాత్రం ముక్కలు కలిసే చోట నీడలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఎక్కువగా కనపడే గుణింతాలను, అంటే ఇకారం, ఈకారం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తెరిచి ఆ అతుకులను చేత్తో సరిచేయండి. విసుగు పుట్టే పనే, కానీ చూసేవాళ్లకు చేతిపని అనిపించేది ఈ అతుకుల దగ్గరే.

అంకెలు, ₹ గుర్తు, చుక్క, కామా, అడ్డగీత తప్పకుండా గీయండి. బోర్డంటే ధర, ఫోన్ నంబర్ లేకుండా ఉండదు. మన సరిహద్దు ఊళ్లలో తమిళం కూడా బోర్డెక్కుతుంది, ఆ అక్షరాలు కూడా చేయాలని మనసు లాగుతుంది. తెలుగు పూర్తయ్యేదాకా ఆగండి.

ఏ మాటలతో పరీక్షించాలి?

ఒక్కో అక్షరం చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మాటల్లో చూడాలి. తిరుపతి అని రాస్తే గుడి, కొమ్ము, ప ఖాళీ మూడూ తెలుస్తాయి. శ్రీకాళహస్తిలో ర ఒత్తు, గుడిదీర్ఘం, త ఒత్తు అన్నీ ఉన్నాయి, ఒక్క మాట సగం ఫాంట్‌ను పరీక్షిస్తుంది. చిత్తూరు బెల్లంలో ఒత్తు మీద కొమ్ముదీర్ఘం, ల ఒత్తు, సున్న. మామిడి జ్యూస్‌లో య ఒత్తు, పొల్లు. ‘షాప్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకూడదు. దానికి టైప్ చేసేటప్పుడు కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (ZWNJ) గుర్తు పడుతుంది. మీ ఫాంట్‌లో ఆ గుర్తు ఖాళీ డబ్బాగా కనపడకుండా చూసుకోండి.

ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రాఆఫీస్‌లో తెరిచి చూడండి. వీటన్నింటిలో అక్షరాలను అమర్చేది హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్. విండోస్ వర్డ్‌లో వేరే ఇంజిన్ ఉంటుంది, అక్కడ ఇంకోసారి చూడాలి.

సైజుల లెక్క కూడా ముందే చూసుకోండి. మన ఖాళీ 20 యూనిట్లు. 24 పిక్సెళ్ల సైజులో అది అర పిక్సెల్ కూడా రాదు, అక్షరం నీడలో మునిగిపోతుంది. 72 పిక్సెళ్లకు దాదాపు ఒకటిన్నర పిక్సెల్ వస్తుంది, అక్కడ నుంచి అందం మొదలవుతుంది. బోర్డు మీద ఎం కొలత అర మీటర్ ఉంటే ఖాళీ ఒక సెంటీమీటర్, రోడ్డు అవతలి నుంచి కూడా తెలుస్తుంది. ఇది శీర్షికల ఫాంట్. పెళ్లిపత్రికలో పేర్లకు వాడండి, ముహూర్తం వివరాలకు వద్దు.

ప్రింటు షాపుకు ఇచ్చేటప్పుడు

మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు మీరు పోస్టర్ చేశారనుకుందాం. మామిడి సీజన్ కూడా అదే కాబట్టి పసుపు ముఖం, ఎర్ర నీడ, ఆకుపచ్చ నేల బాగా కుదురుతాయి. ముఖం, నేల కన్నా నీడ ముదురుగా ఉండాలి. పోస్టర్‌ను నలుపు తెలుపుకు మార్చి చూస్తే అది వెంటనే తెలుస్తుంది.

మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని జరుగుతుంది. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు పడవు. ఫాంట్ ఫైల్ ఇచ్చి ఊరుకుంటే అక్షరాలు సరిగ్గా రావు. అందుకని ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌లుగా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా (షాపుల భాషలో కర్వ్స్), మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెప్పండి: ‘అన్నా, అన్నీ కర్వ్స్ చేసి ఇచ్చినాను, మీరు మళ్లా టైప్ చేయబాకండి. సైజు పెంచితే రెండు వైపులా ఒకేలా పెంచండి.’ అడ్డంగా మాత్రమే సాగదీస్తే నీడ కోణం మారిపోతుంది. ఫోటోషాప్‌లో చేసేవాళ్లయితే టెక్స్ట్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకుంటేనే ఒత్తులు సరిగ్గా పడతాయి.

వినైల్ కట్టింగ్ చేయించేటప్పుడు నీడ, ముఖం వేర్వేరు షీట్ల మీద కోస్తారు. ఖాళీ ఉన్న నీడ చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది. అంటించేటప్పుడు అవి జరగకుండా మొత్తాన్ని ట్రాన్స్‌ఫర్ టేప్ మీదికి ఒకేసారి ఎత్తమనండి. సన్నటి కొసలుంటే కట్టర్ బ్లేడు దగ్గర చిరిగిపోతాయి. మీరు కొసలను అడ్డంగా తెంపి ఉంటే ఆ ఇబ్బంది రాదు.

ఫాంట్‌ను నలుగురికీ ఇవ్వాలనుకుంటే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ పెట్టండి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద పంచాలి. ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు. లైసెన్స్ ఫైల్‌ను, మూడు ఫాంట్లను, నీడ మీద ముఖం ఎలా పేర్చాలో చూపించే ఒక బొమ్మను ఒకే జిప్‌లో పెట్టండి. ఆ బొమ్మ లేకపోతే చాలామంది నీడ ఫాంట్ ఒక్కదాన్నే తెరిచి, అక్షరాలు సగమే ఉన్నాయని అనుకుంటారు.